పైనా, పక్కనా: బ్రౌజర్ ట్యాబుల చోటు మీద పాతికేళ్ల వాదన

కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే వాళ్ల కళ్లు రోజంతా ఒక వరుస మీదికి పోయి వస్తుంటాయి. బ్రౌజర్ కిటికీ నెత్తిన ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చునే ట్యాబుల వరుస అది. ఆ వరుస పైన ఉండాలా, ఎడమ పక్కన నిలువుగా దిగాలా? అడ్రస్ బార్‌కు ఎగువనా, దిగువనా? ట్యాబులు ఎక్కువైతే సన్నబడాలా, పక్కకు జరుగుతూ దాక్కోవాలా? పైకి చిల్లర విషయాల్లా కనిపించే ఈ ప్రశ్నల మీద బ్రౌజర్ తయారుచేసేవాళ్లు పాతికేళ్లకు పైగా తర్జనభర్జన పడుతున్నారు. ఒక మార్పు తెస్తారు, వాడేవాళ్లు గొడవ చేస్తే వెనక్కి తీసుకుంటారు, కొన్నేళ్లకు అదే మార్పును మరో పేరుతో మళ్లీ తెస్తారు. 2025 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 136తో పాటు నిలువు ట్యాబులు రావడంతో, ఎన్నాళ్లుగానో కొద్దిమంది అభిరుచిగా ఉన్న ఏర్పాటు పెద్ద బ్రౌజర్లలో మామూలు సదుపాయమైంది. వాదన మాత్రం తేలలేదు.

తేలకపోవడానికి కారణం ఉంది. అందరూ ట్యాబు ఎక్కడుండాలనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ, ట్యాబు అంటే ఏమిటన్న దగ్గరే వాళ్లు విడిపోయారు. ఒకరికి ట్యాబు ఇప్పుడు చదువుతున్న పేజీ. ఇంకొకరికి తర్వాత చదవాలని తీసిపెట్టుకున్న పేజీ. మరొకరికి అది కట్టాల్సిన కరెంటు బిల్లు, నింపాల్సిన దరఖాస్తు, జవాబివ్వాల్సిన ఉత్తరం. ఈ మూడింటికీ ఒకే చోటు నప్పదు. చరిత్రనూ, పక్షాలనూ, అధ్యయనాలనూ ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని చూస్తే చిక్కుముడి కొంత వదులవుతుంది.

కిటికీల గుంపు నుంచి ట్యాబుల వరుసకు

ట్యాబులు లేని రోజుల్లో ప్రతి పేజీకీ ఒక కిటికీ. పది పేజీలు తెరిస్తే తెర అడుగున టాస్క్‌బార్‌లో పది గుండీలు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఆ గుండీలన్నింటినీ ఒకే గుండీ కిందికి చేర్చి, నొక్కితే జాబితాగా చూపించేది. గమనిస్తే ఆ జాబితా నిలువుదే.

ట్యాబుల ఆలోచన అంతకన్నా పాతది. 1994 నాటి ఇంటర్నెట్‌వర్క్స్ అనే బ్రౌజర్‌లోనే దాని తొలి రూపం ఉంది. 1997లో ఆడమ్ స్టైల్స్ రాసిన బ్రౌజర్ నెట్‌క్యాప్టర్ పేరుతో కొంత పేరు తెచ్చుకుంది. ఒపెరా మొదటినుంచీ ఒకే కిటికీలో అనేక పేజీలు తెరవనిచ్చేది. మొజిల్లాకు 2001లో, సఫారీకి 2003లో ట్యాబులు వచ్చాయి. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చాక ఈ అలవాటు మామూలు జనంలోకి పాకింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం 2006 అక్టోబరులో ఏడో వెర్షన్ దాకా ఆగింది. కొత్త పేజీ అంటే కొత్త కిటికీ అనే అలవాటు మనలో చాలామందికి అందుకే అంతకాలం ఉండిపోయింది.

2008 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ ట్యాబుల్ని అడ్రస్ బార్ కన్నా పైకి, కిటికీ అంచుదాకా ఎక్కించింది. అడ్రసు ట్యాబుకు చెందినది కాబట్టి అది ట్యాబు లోపలే ఉండాలన్నది దీని వెనకున్న తర్కం. ఆ తర్కం బాగుందని 2009 ఫిబ్రవరిలో సఫారీ 4 ప్రయోగ వెర్షన్ ట్యాబుల్ని పైకి చేర్చింది. వాడేవాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఏడాది జూన్‌లో అసలు వెర్షన్ వచ్చేసరికి ట్యాబులు మళ్లీ కిందికి దిగాయి. ఫైర్‌ఫాక్స్ 2011లో నాలుగో వెర్షన్‌తో పైకి మార్చినా, పాత పద్ధతి కావాలనేవాళ్లకు దారి వదిలింది. 2014లో 29వ వెర్షన్‌తో ఆ దారి కూడా మూసుకుపోయింది. 2021లో సఫారీ అడ్రస్ బార్‌నూ ట్యాబుల వరుసనూ ఒకటి చేసేందుకు ప్రయోగం చేసి, నిరసన చూసి, ఇష్టమున్నవాళ్లే ఎంచుకునేలా మార్చింది.

సఫారీ తయారుచేసే సంస్థే పన్నెండేళ్ల తేడాతో రెండుసార్లు ముందుకేసిన అడుగును వెనక్కి తీసుకుంది. ట్యాబుల చోటును కంటికన్నా ముందు చెయ్యి గుర్తుపడుతుంది. వంటింట్లో ఉప్పుడబ్బా చోటు మార్చినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

పైవరుస పక్షం

పైవరుసను సమర్థించేవాళ్ల మొదటి బలం 1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం. చేరాల్సిన గురి ఎంత దగ్గరగా, ఎంత పెద్దగా ఉంటే చెయ్యి అంత త్వరగా చేరుతుంది. కిటికీ తెరనిండా పరిచి ఉన్నప్పుడు మౌస్‌ను ఎంత విసురుగా పైకి నెట్టినా బాణం తెర అంచు దగ్గర ఆగిపోతుంది. అంటే అంచుకు ఆనుకున్న ట్యాబుకు ఎత్తులో హద్దు లేనట్టే, గురి తప్పడానికి వీల్లేదు. విండోస్‌లో ఈ లాభం పూర్తిగా దక్కుతుంది. మ్యాక్‌లో తెర పైభాగాన మెనూ పట్టీ అడ్డుండటం వల్ల అంత దక్కదు.

రెండో బలం చోటు జ్ఞాపకం. ఆరేడు ట్యాబులు ఉన్నంతవరకు పేరు చదవనక్కర్లేదు. ఎడమ చివర మెయిల్, దాని పక్కన బ్యాంకు, కుడి చివర ఇప్పుడే తెరిచిన వార్త అని చేతికి తెలిసిపోతుంది. కొత్త లింకు వరుస చివరకు పోకుండా తల్లి పేజీ పక్కనే తెరుచుకోవడం కూడా ఈ జ్ఞాపకానికి ఊతం. క్రోమ్ మొదటినుంచీ అలాగే చేసింది, ఫైర్‌ఫాక్స్ 2010 జనవరిలో 3.6తో అదే దారి పట్టింది.

పైవరుసలో ఎంత ఆలోచన దాగి ఉందో ఒక్క పని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. క్రోమ్‌లో పదిహేను ట్యాబులు తెరిచి ఉన్నాయనుకోండి. మధ్యలో ఒకదాని ఇంటూ గుర్తు నొక్కితే అది పోతుంది. కానీ మిగతావి ఖాళీ దొరికింది కదా అని వెంటనే ఒళ్లు విరుచుకోవు. ఉన్న వెడల్పులోనే ఉండి ఒక్క అడుగు ఎడమకు జరుగుతాయి. దాంతో తర్వాతి ట్యాబు ఇంటూ గుర్తు సరిగ్గా మౌస్ బాణం కిందికే వచ్చి నిలుస్తుంది. చెయ్యి కదపకుండా వరసగా ఐదారు మూసేయొచ్చు. మౌస్ ఆ వరుస నుంచి కిందికి దిగాకే మిగిలినవి సర్దుకుని వెడల్పవుతాయి. ఈ చిన్న ఆగుడు లేకపోతే ప్రతి మూతకూ గుర్తును వెతుక్కోవాలి, వెతుక్కోవాల్సి వస్తే మూసే అలవాటే తగ్గుతుంది.

ఈ పక్షానికి బలహీనత ట్యాబులు పెరిగినప్పుడు బయటపడుతుంది. 1366 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు ల్యాప్‌టాప్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే ఒక్కోదానికి దక్కేది 68 పిక్సెళ్లు. అందులోనే సైటు బొమ్మ, ఇంటూ గుర్తు, పేరు సర్దుకోవాలి. క్రోమ్ ట్యాబుల్ని సన్నబరుస్తూ పోయి చివరకు బొమ్మ మాత్రం మిగులుస్తుంది. ఫైర్‌ఫాక్స్ ఒక హద్దు దాటి సన్నబడనివ్వదు, వరుసనే పక్కకు జరుపుతుంది. మొదటి పద్ధతిలో అన్నీ కనిపిస్తాయి, ఏది ఏదో తెలియదు. రెండో పద్ధతిలో కనిపించినవి తెలుస్తాయి, మిగతావి కనిపించవు. రోజువారీ అలవాటు మీద ఈ తేడా ప్రభావం గట్టిది. ఒకే సైటు పేజీలు పది తెరిచినవాడికి పది ఒకేరకం బొమ్మలు మిగులుతాయి. ఒక్కోటీ నొక్కి చూసే ఓపిక లేక అదే పేజీని ఇంకోసారి వెతికి తెరుస్తాడు. ఇరవై ఒకటో ట్యాబు అలా పుడుతుంది.

పక్కవరుస పక్షం

నిలువు జాబితా ఆలోచన కొత్తది కాదు. 2004లో మ్యాక్‌లో ఆమ్నీవెబ్ 5 పక్క అరలో పేజీల చిన్న బొమ్మలు చూపించింది. 2007లో ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చిన ట్రీ స్టైల్ ట్యాబ్ అనే పొడిగింపు దానికి చెట్టు రూపం ఇచ్చింది. 2016లో వివాల్డీ అనే బ్రౌజర్ ట్యాబుల్ని నాలుగు వైపుల్లో ఎటైనా పెట్టుకోనిచ్చింది. 2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ నిలువు ట్యాబుల్ని అందరికీ అందించాక ఇది నిపుణుల ముచ్చట స్థాయి దాటింది.

ఈ పక్షం మొదటి మాట తెరల ఆకారం గురించి. తెరలు చదరానికి దగ్గరగా ఉన్న రోజుల్లో పైవరుస పుట్టింది. ఇప్పటి తెరలు అడ్డంగా సాగినవి, పేజీలేమో నిలువుగా సాగేవి. వెడల్పు మిగిలిపోతుంటే కరువైన ఎత్తులోంచి వరుసకు ఎందుకు ఇవ్వాలన్నది వాళ్ల ప్రశ్న. ప్రశ్న సబబే గానీ దీన్ని పెద్దది చేసి చెబుతుంటారు. 768 పిక్సెళ్ల ఎత్తున్న తెరలో ట్యాబుల వరుస తినేది సుమారు 40. పక్కకు మార్చితే కలిసొచ్చేది ఇరవయ్యో వంతు, చదివే వ్యాసంలో రెండు పంక్తులు. దీనికోసమే మారినవాళ్లు నిరాశపడటం సహజం.

అసలు లాభం పేర్లు కనిపించడం. నిలువు జాబితాలో మూడో ట్యాబుకూ పదమూడో ట్యాబుకూ ఒకే వెడల్పు. ఎన్ని తెరిచినా పేరు నలగదు. చదవగలిగిన పేరు గుర్తుచేస్తుంది, గుర్తొచ్చిన పేజీని మళ్లీ తెరవనక్కర్లేదు. చోటు మారితే అలవాటు మారడానికి నాకు కనిపించే అతి పెద్ద కారణం ఇదే. మూసే పని కూడా ఇక్కడ తేలిక. అడ్డువరుసలకు ఎత్తు ఒకటే కాబట్టి ఒకటి మూస్తే తర్వాతిది దానంతటదే బాణం కిందికి వస్తుంది.

రెండో లాభం చెట్టు. తెలుగు వికీపీడియాలో కాకతీయుల వ్యాసం చదువుతూ రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, ఓరుగల్లు కోట లింకులు కొత్త ట్యాబుల్లో తెరిచామనుకుందాం. పైవరుసలో అవి నాలుగు సమానమైన ట్యాబులు. చెట్టు పద్ధతిలో మూడూ కాకతీయుల కింద కొద్దిగా లోపలికి జరిగి, కొమ్మల్లా కనిపిస్తాయి. ఓరుగల్లు కోట నుంచి రామప్ప గుడికి వెళితే అది ఇంకో మెట్టు లోపలికి. ఎక్కడ మొదలై ఎటు పోయామో పక్కనే రాసిపెట్టినట్టు ఉంటుంది. చదవడం అయ్యాక తల్లి ట్యాబును మడిస్తే కుటుంబమంతా ఒక్క పంక్తిలోకి ముడుచుకుంటుంది. పరిశోధన చేసేవాళ్లు, విలేకరులు, ప్రోగ్రామర్లు ఈ పద్ధతికి ఎందుకు కట్టుబడతారో ఇది చూస్తే అర్థమవుతుంది.

అయితే పక్కవరుస అంతులేనిదేమీ కాదు. అదే చిన్న ల్యాప్‌టాప్‌లో జాబితాకు దక్కే ఎత్తులో స్క్రోల్ చేయకుండా కనిపించేవి పదిహేను, పద్దెనిమిది. ఆ పైన అదీ దాచేదే. తెరను సగం సగం చేసి రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకుంటే ఒక్కోదానికి మిగిలేది 683 పిక్సెళ్లు. అందులోంచి జాబితాకు 220 పోతే సైటు తనను ఫోనులో చూస్తున్నారని భ్రమపడి మొబైల్ రూపానికి మారిపోతుంది. జాబితాను కుదించి బొమ్మలు మాత్రమే ఉంచొచ్చు, కానీ పేర్లు పోయాక పక్కకు వచ్చిన ప్రయోజనమే పోయింది.

ఈ పక్షం సాధారణంగా చెప్పని మాట ఇంకొకటుంది. పైవరుస ఇరుకు ఒక బ్రేకు. పేర్లు నలిగేసరికి విసుగు పుట్టి మనిషి నాలుగు మూసేస్తాడు. పక్కవరుసలో ఆ విసుగు ఆలస్యంగా వస్తుంది, అందుకే పోగు పెరుగుతుంది. పోగుపడటం మంచిదా చెడ్డదా అన్నది ట్యాబుకు మనమిచ్చే అర్థాన్ని బట్టి ఉంటుంది.

గుంపు కట్టేవాళ్లు, గడువు పెట్టేవాళ్లు

చోటు కన్నా సర్దుబాటు ముఖ్యమనేది మూడో పక్షం. ఒపెరా 11 2010 డిసెంబరులోనే ట్యాబుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చనిచ్చింది. అదే కాలంలో అజా రాస్కిన్ రూపమిచ్చిన పనోరమా ఫైర్‌ఫాక్స్ 4లో చేరింది. తెరనంతా బల్లలా పరిచి, దాని మీద ట్యాబుల్ని గుంపులు గుంపులుగా అమర్చుకునే అందమైన ఏర్పాటు అది. వాడినవాళ్లు తక్కువ కావడంతో 2016 మార్చిలో దాన్ని తీసేశారు. తొమ్మిదేళ్లకు, 2025 ఏప్రిల్‌లో, ట్యాబు గుంపులు ఫైర్‌ఫాక్స్‌కు మరింత సాదా రూపంలో తిరిగొచ్చాయి. ఈలోగా 2020లో క్రోమ్, 2021లో సఫారీ తమ గుంపులు తెచ్చాయి.

పనోరమా నిలవకపోవడానికీ క్రోమ్‌లోని రంగు చుక్కల గుంపులు నిలవడానికీ తేడా నా అంచనాలో ఒకటే. పనోరమాలో సర్దడానికి చదువుతున్న పేజీని వదిలి వేరే తెరకు వెళ్లాలి. క్రోమ్ గుంపు ఉన్నచోటే, కళ్లముందున్న వరుసలోనే కట్టొచ్చు, విప్పొచ్చు. సర్దడమనేది ప్రత్యేకమైన పనిగా మారితే జనం చెయ్యరు. బీరువా సర్దుడు పండక్కి వాయిదా పడినట్టే పడుతుంది.

నాలుగో పక్షం ట్యాబుకు ఆయుష్షు ఉండాలంటుంది. 2023 జూలైలో మ్యాక్‌పై 1.0గా విడుదలైన ఆర్క్ బ్రౌజర్ ఈ ఆలోచనకు పేరెన్నికగన్న రూపం. ట్యాబులు పక్కవరుసలో ఉంటాయి. పిన్ చేసినవి నిలుస్తాయి, మిగతావి ముట్టుకోకపోతే మామూలుగా 12 గంటలకు దాచివేతలోకి పోతాయి. ఉదయం తెరిస్తే వరుస కడిగిన పలకలా ఉంటుంది. అభిమానులు ఇదొక విముక్తి అన్నారు, తట్టుకోలేనివాళ్లు నిన్నటి పని మాయమైందన్నారు. 2025 మేలో తయారీ సంస్థ ఆర్క్‌కు కొత్త సదుపాయాలు చేర్చడం ఆపేసినట్టు చెప్పి డియా అనే మరో బ్రౌజర్ వైపు మళ్లింది. ఆర్క్ ఆగినా ఆ ఆలోచన ఆగలేదు. ఐఫోన్ సఫారీలో రోజుకో, వారానికో, నెలకో పాత ట్యాబులు వాటంతటవే మూసుకునే సెట్టింగ్ ఉంది.

ఈ రెండు పక్షాల మధ్య నిశ్శబ్దంగా సాగిన మరో మార్పు మెమరీది. ఎడ్జ్‌లో నిద్రపోయే ట్యాబులు, క్రోమ్‌లో మెమరీ సేవర్ వచ్చాక వాడని ట్యాబు వరుసలో పేరుగా మిగులుతుంది, కంప్యూటర్ మీద బరువు చాలావరకు దిగిపోతుంది. అలా ట్యాబుకూ బుక్‌మార్క్‌కూ మధ్య గోడ పలచబడింది.

పరిశోధన ఏం చెప్పింది

టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డుబ్రోయ్, బాలకృష్ణన్ 2010లో ప్రచురించిన అధ్యయనం 21 మంది ఫైర్‌ఫాక్స్ వాడకందారుల బ్రౌజింగ్‌ను ఒక్కొక్కరిది 13 నుంచి 21 రోజులు నమోదు చేసింది. వాళ్లలో ఎక్కువమంది వెనక్కి వెళ్లే బటన్ కన్నా ట్యాబు మార్చడమే ఎక్కువసార్లు చేశారు. లింకు నొక్కడం తర్వాత బ్రౌజర్‌లో అతి ముఖ్యమైన కదలిక ట్యాబు మార్పే అని తేలింది. రోజూ అన్నిసార్లు చేసే పని జరిగే చోటు ట్యాబుల వరుస, అందుకే దాని అమరికకు అంత విలువ.

అదే ఏడాది జెఫ్ హువాంగ్, రైయన్ వైట్ లక్షల మంది బ్రౌజింగ్ నమోదుల్ని పరిశీలించి ఇంకో ముఖ్యమైన మాట చెప్పారు. ట్యాబులు ఎక్కువైనంత మాత్రాన జనం చూసే పేజీలు పెరగలేదు, ఉన్న చూపే ట్యాబుల మధ్య పంపకమైంది. ఎక్కువ ట్యాబులంటే ఎక్కువ పని అనే నమ్మకానికి ఇది గట్టి జవాబు.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బృందం 2021లో వెలువరించిన అధ్యయనం నేరుగా మనసు వైపు చూసింది. కళ్లముందు నుంచి పోతే ఇక ఎప్పటికీ దొరకదన్న భయంతో జనం ట్యాబులు మూయరని తేల్చింది, దాన్ని కృష్ణబిలంతో పోల్చింది. ఒక భాగంలో పాల్గొన్నవారిలో 25 శాతం మంది ట్యాబులు ఎక్కువై బ్రౌజరో కంప్యూటరో కూలిపోయిందని చెప్పారు. ఈ భయాన్ని పట్టించుకుంటే గడువు పెట్టే పక్షానికి జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న మిగులుతుంది: దాచినది తిరిగి దొరుకుతుందన్న నమ్మకం ముందు కుదరాలి కదా? మూసిన ట్యాబును తిరిగి తెచ్చే కంట్రోల్-షిఫ్ట్-టి, క్రోమ్‌లో తెరిచిన ట్యాబుల్లో వెతికే కంట్రోల్-షిఫ్ట్-ఎ తెలిసినవాళ్లు ధైర్యంగా మూస్తారు. తెలియనివాళ్లకు వరుసే జ్ఞాపకం.

ఫోనులో వరుసే లేదు

డెస్క్‌టాప్ వాదనలన్నీ ఫోను దగ్గర తేలిపోతాయి. అక్కడ ట్యాబుల వరుస ఒక చిన్న చదరంలోని అంకె. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ట్యాబులు 99 దాటితే ఆ అంకె పోయి నవ్వు ముఖం గుర్తు వస్తుంది. ఐఫోన్ సఫారీలో 500 దాకా తెరవొచ్చు. కనిపించనిది విసుగు పుట్టించదు కాబట్టి మూసే అలవాటు అక్కడ పుట్టనే లేదు. 2014లో ఆండ్రాయిడ్ ట్యాబుల్ని యాప్‌లతో కలిపి ఒకే జాబితాలో చూపించి చూసింది, తర్వాత ఆ దారి మానుకుంది. 2021లో సఫారీ అడ్రస్ బార్‌ను బొటనవేలికి అందేలా అడుగుకు దించి, దాన్ని పక్కకు తోస్తే ట్యాబు మారేలా చేసింది. తెలుగునాట వెబ్ అంటే ఫోనే అయినవాళ్లు చాలామంది, వాళ్లకు పైనా పక్కనా అన్న ప్రశ్నే ఎదురుకాలేదు.

తెలుగు పేరు పట్టేంత చోటు

ఇంగ్లీషులో జరిగే ఈ చర్చల్లో రాని సంగతి లిపి. తెలుగు అక్షరానికి వెడల్పు ఎక్కువ. గుడి పైకి లేస్తుంది, వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లీషు పేరు నాలుగు మాటలు పట్టే ట్యాబులో తెలుగు పేరు ఒకటిన్నర మాటకే మసకబారిపోతుంది. పేజీ పేరు ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం’ అనో ‘తెలంగాణ రాష్ట్ర’ అనో మొదలైతే మొదటి మాటతోనే చోటు అయిపోతుంది. అలాంటి సైటులో దరఖాస్తు పేజీ, ఫీజు పేజీ, రసీదు పేజీ తెరిచిన మనిషికి మూడు ట్యాబుల మీదా ఒకటే మాట. తప్పు ట్యాబు మూస్తే నింపిన దరఖాస్తు పోతుంది. తెలుగు వికీపీడియా వ్యాసం పేరు ముందు రాసి తన పేరు తర్వాత రాస్తుంది, అందుకే ఎంత ఇరుకులోనూ ఏ వ్యాసమో తెలుస్తుంది. నిలువు జాబితా తెలుగు పేరుకు రెండు మూడు మాటల చోటిస్తుంది. తెలుగులో చదివేవాళ్లకు పక్కవరుస వల్ల లాభం ఇంగ్లీషువాళ్లకన్నా ఎక్కువని నేననేది ఇందుకే.

ఇంకా తేలనివి

పక్కవరుస వాడేవాళ్లు ఎక్కువ ట్యాబులు తెరుస్తారా, ఎక్కువ ట్యాబులు తెరిచేవాళ్లే పక్కవరుసకు చేరుతారా? ఇష్టపడి మార్చుకున్నవాళ్ల మాటల్ని బట్టి దీన్ని తేల్చలేం. 2010 నాటి అధ్యయనాలు పైవరుస ఒక్కటే రాజ్యమేలిన రోజులవి. వాటి అంకెల్ని ఇప్పటి నిలువు జాబితాలకు అంటగట్టడం సరికాదు.

కంట్రోల్-ట్యాబ్ మీటల దగ్గరా రెండు మతాలున్నాయి. వరుసలో పక్కదానికి వెళ్లాలని కొందరు, చివరిగా చూసినదానికి వెళ్లాలని కొందరు. ఫైర్‌ఫాక్స్ దీన్ని సెట్టింగ్‌కు వదిలేసింది. రెండో పద్ధతిలో ట్యాబు ఎక్కడుందన్నదానికి విలువే తగ్గిపోతుంది, ఎప్పుడు చూశామన్నదే మిగులుతుంది.

ఒకే మనిషి పగలు ఆఫీసు కంప్యూటర్‌లో గుంపులు కట్టి, రాత్రి ఫోనులో అదే ఖాతాతో బ్రౌజర్ తెరుస్తాడు. గుంపు పేరు వెంట వస్తుంది, రంగు వస్తుంది. ఎడమ నుంచి మూడోది అన్న చేతి జ్ఞాపకం మాత్రం రాదు. తెర మారినా పేజీ అదే చోట దొరికే అమరికను ఇప్పటిదాకా ఏ బ్రౌజరూ చూపించలేదు.